నాలుగో నంబరు నోరు

నా కూతురి పళ్ళను యథాతథ స్థితిలో కాపాడవలసిందిగా నన్ను ఆదేశిస్తూ రిజిస్టరు పోస్టులో ఒక కాగితం వచ్చింది. పోస్ట్‌మాన్ సంతకం పెట్టించుకుంటూ, "ఏంది మాలకొండయ్యా, పొలం తగాదానా?" అన్నాడు.

"కాదు. పళ్ళ తగాదా."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

కాగితంలో ఇలా ఉంది: "కుమారి ప్రసూన దంతములు రాష్ట్ర ప్రమాణములుగా స్వీకరించబడినందున, తదుపరి ఉత్తరువులు వెలువడు వరకు వాటియందు ఎట్టి కదలిక గాని, చేర్పు గాని, తీసివేత గాని జరగకుండా తండ్రి పూర్తి బాధ్యత వహించవలెను."

నేను ఊరిబడిలో ఏడో తరగతి దాకా చదివాను. మూడుసార్లు చదివితే అర్థమయింది. పిల్ల నోరు పిల్లది కాదు. ఇది ఎక్కడ మొదలయిందో చెప్తాను.

నాది కనిగిరి మార్కెట్ యార్డులో కాటా దగ్గర పని. కందులు, శనగలు, మిరపకాయలు, ఏ బస్తా వచ్చినా ఎక్కించడం, ముల్లు చూడటం, తూకం కేకెయ్యడం. మాది ఇంకా ముల్లు కాటాయే. అప్పటికి ప్రసూనకు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ సుబ్బరత్నం పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో మేమిద్దరమే. పిల్ల జామకాయ కొరకదు. కత్తిపీట మీద ముక్కలు కోసుకుని ఎడమ దవడకు వేసుకుని నములుతుంది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను అది సిగ్గనుకున్నాను. తల్లి ఉంటే అలా అనుకోనిచ్చేది కాదు.

ఆ ఏడు ప్రభుత్వం కౌమార దంత సవరణ అవసర నిర్ధారణ మండలి అని ఒకటి పెట్టింది. వంకర పళ్ళున్న బడిపిల్లలకు ఉచితంగా క్లిప్పులు వేస్తారట. అందరికీ కాదు, అవసరమున్నవాళ్ళకే. ఎవరికి అవసరమో తేల్చడానికి మండలి. అవసరానికి ఐదు మెట్లు పెట్టారు. ఒకటో మెట్టయితే ఇంటికి పొమ్మంటారు. ఐదో మెట్టయితే తప్పనిసరిగా వెయ్యాలి. కొలవడానికి ఒక చిన్న స్కేలు ఇచ్చారు. కంటికి ఎలా ఉందో పోల్చడానికి ఒక అట్ట ఇచ్చారు. అట్ట మీద పది ఫోటోలు. పెదాలు రెండు పక్కలకూ లాగిపట్టి తీసిన పది నోళ్ళు. ఒకటో నోరు పేర్చినట్టుంది. పదో నోరు గాలివానకు ఒరిగిన కంచెలా ఉంది. డాక్టరు పిల్లల నోటి పక్కన ఆ అట్ట పెట్టి, ఇది ఎన్నో ఫోటోలా ఉందో చూసి మెట్టు చెప్పాలి.

మా బడికి వచ్చింది డాక్టర్ షబానా. చదువు ముగిసి ఏడాది కూడా కాలేదు. మిగతా పిల్లలకు తలా రెండు నిమిషాలు సరిపోయాయి. ప్రసూన దగ్గర పావుగంట కూర్చుంది. అట్ట పక్కన పెట్టేసి, వేలితో చిగురు నొక్కి చూసింది. ఎక్సరే తీయించి నన్ను పిలిపించింది. కిటికీ వెలుతురులో పట్టుకుని చూపించింది.

"ఇదిగో అన్నా, ఈ కోరపన్ను కిందికి దిగలా. దాని చోట్లో పాలపన్ను ఇంకా కూర్చోనే ఉంది. ఇదేమో చిగురు లోపల అడ్డంగా పడుకోనుంది."

"పడుకుంటే పడుకోనీమ్మా. దానివల్ల ఏం చెడింది?"

"ఊరికే పడుకోలా. ముందుపన్ను వేరుని నెడతంది. మెల్లగా అరగదీస్తంది."

"ఎన్నాళ్ళు పట్టుద్ది?"

"ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ళు. తరవాత ముందుపన్ను ఊడి చేతికొస్తది. ఇప్పుడయితే చిగురు కోసి, క్లిప్పులేసి, దాన్ని కిందికి లాక్కోవచ్చు."

"మరి పిల్లది ఎన్నో మెట్టు?"

"ఐదు. పైన చూసినోళ్ళు రెండంటారు. లోపల మాత్రం ఐదే."

ఐదు కాబట్టి ఇక పని అయిపోయిందనుకున్నాను. ఐదు అనేది డాక్టరు చెప్తే చాలదని అప్పటికి నాకు తెలియదు.

నెలకు కబురొచ్చింది. పట్నంలో మండలి ఆఫీసుకు పిల్లను తీసుకురమ్మన్నారు. క్లిప్పులకని పోయాం. గుమ్మం మీద గుడ్డ కట్టి ఉంది: అంకెల ఏకీకరణ శిబిరం. లోపల పది మంది పిల్లల్ని పది కుర్చీల్లో కూర్చోబెట్టి చొక్కాలకు నంబర్లు గుచ్చారు. ప్రసూనకు నాలుగు. ఎదురుగా పన్నెండు మంది డాక్టర్లు. గంట కొట్టగానే ఒక్కో డాక్టరు ఒక్కో కుర్చీ ముందుకు జరుగుతున్నాడు. షబానా కూడా ఉంది.

మండలి సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. మాట్లాడేటప్పుడు పళ్ళన్నీ సమానంగా కనబడ్డాయి. ప్రసూన నా చెవి దగ్గర, "ఒకటో ఫోటో ఈయనదే నాయనా. కట్టుడు పళ్ళు" అంది.

"నోరు మూసుకో."

"తెరవమంటన్నారు గదా."

పరాంకుశం గారు లేచి చెప్పారు: "ఒకే నోటిని ఇద్దరు వైద్యులు చూసినప్పుడు రెండు అంకెలు రావడం వృత్తికే అవమానం. కనుక ముందుగా వైద్యుల మధ్య ఏకాభిప్రాయం సాధిస్తాం. అది నూటికి ఎనభై దాటిన రోజున మాత్రమే వైద్యం ప్రారంభమవుతుంది. అంతవరకు రాష్ట్రంలో ఏ బాలుడికీ, ఏ బాలికకూ క్లిప్పు వేయబడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు కూడా కొట్టారు, ఎందుకో తెలియకపోయినా.

సాయంత్రానికి బోర్డు మీద అంకెలు ఎక్కాయి. మిగతా పిల్లల ఎదురుగా మూడు మూడు నాలుగు, రెండు రెండు రెండు, ఇలా ఉన్నాయి. ప్రసూన ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా అన్ని అంకెలూ ఉన్నాయి. చిగురు నొక్కినవాళ్ళు ఇద్దరు. వాళ్ళు ఐదు వేశారు. అట్ట చూసినవాళ్ళు అట్ట ప్రకారం తలో అంకె వేశారు.

నేను చెయ్యెత్తాను. "అయ్యా, లోపల పన్ను అడ్డంగా ఉందని ఎక్సరే ఉంది. అందరికీ చూపిస్తే తేలిపోద్ది గదా?"

పరాంకుశం గారు జాలిగా చూశారు. "ఎక్సరే చూపిస్తే అందరూ ఒకే అంకె చెబుతారయ్యా. అప్పుడు వైద్యుల ఏకాభిప్రాయాన్ని పరీక్షించినట్టు ఎలా అవుతుంది?"

"పిల్లను గదండీ పరీక్షించాల్సింది."

"అది రెండో దశ."

తరవాత పిల్లలనే అడిగారు, మీ నోరు ఏ ఫోటోలా ఉందని మీకు అనిపిస్తోంది అని. అది కూడా ఒక గడి. సూపరింటెండెంట్ గజపతి గారు అట్ట పట్టుకుని ప్రసూన ముందు నిలబడ్డారు. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, మంచివాడు. ఫైలంటే భయపడతాడు, అంతే.

ప్రసూన అట్టను బాగా చూసింది. "సార్, వీళ్ళు ఎవురు?"

"వాళ్ళెవరయితే ఏందమ్మా, పళ్ళు చూడు."

"ఒక్కరు కూడా నవ్వట్లేదు గదా. నేను నవ్వితే గదా సార్ నా పళ్ళు కనబడేది."

గజపతి గారు కాసేపు ఆలోచించి, "బాలిక సహకరించలేదు" అని రాసుకున్నారు.

ఆ మీటింగులోనే పరాంకుశం గారు మరో నిర్ణయం చేశారు. అందరికీ ఒకే అంకె వచ్చే నోరు శిక్షణకు పనికిరాదట. ఎవరికీ అంతు చిక్కని నోరు కావాలట. అటువంటిది రాష్ట్రమంతా వెతికినా దొరకదు, దైవికంగా దొరికింది అన్నారు. ఇకమీదట ఏ జిల్లా వైద్యులకు శిక్షణ ఇచ్చినా ముందు ప్రసూన నోటిని చూసి అంకె చెప్పాలి. ఆ అంకె ఎంతో ఆయనే నిర్ణయించారు. ఐదు. షబానా చెప్పిన ఐదే.

"అంటే పిల్లకు అవసరమేనని మీరూ ఒప్పుకున్నట్టే గదండీ?" అన్నాను.

"సందేహమే లేదు. అత్యవసరం."

"మరి క్లిప్పులు?"

"క్లిప్పులు వేస్తే పళ్ళు కదులుతాయి కదయ్యా. ప్రమాణం కదిలితే రాష్ట్రం ఏమైపోవాలి?"

మా యార్డుకు ఏడాదికోసారి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ముఖమల్ గుడ్డ వేసిన పెట్టెలో ఇత్తడి రాళ్ళు తెస్తాడు. చేత్తో ముట్టుకోడు. గుడ్డతో పట్టి కాటా మీద పెట్టి, మా రాళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూసి మళ్ళీ పెట్టెలో పెట్టుకుంటాడు. ఆ రాళ్ళతో ఎవరూ శనగలు తూయరు. అవి తరగకూడదు, అంతే వాటి పని. వీళ్ళు నా కూతుర్ని ఆ పెట్టెలో పెట్టారు. కాకపోతే ఇత్తడికి లోపల వేరు అరగదు.

"పోనీ పళ్ళకు సున్నంతో అచ్చు తీసి దాచుకోండి. పిల్లకు వైద్యం చెయ్యండి" అన్నాను.

దానికి గజపతి గారు జవాబు చెప్పారు. "నివేదికలో జీవ ప్రమాణం అని రాసేశాం మాలకొండయ్యా. అచ్చుకు లాలాజలం ఊరదు. రేపు ఆడిట్‌వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి?"

ఆ తరవాతే రిజిస్టరు కాగితం వచ్చింది. దాని వెనకాల ఒక జాబితా. చెరుకు నమలరాదు. తేగలు కొరకరాదు. నాలుకతో పళ్ళను నెట్టరాదు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నచో ముందుగా తెలియజేయవలెను. మూడు నెలలకొకసారి సూపరింటెండెంట్ ఇంటికి వచ్చి తనిఖీ చేస్తారు.

ప్రసూన అంతా చదివి, "ఆవలించొచ్చా నాయనా?" అని అడిగింది.

"దాని గురించి రాయలా."

"అయితే ఆవలిస్తా."

డిసెంబరులో పాలపన్ను కదిలింది. పన్నెండేళ్ళు నిలబడిన పన్ను. అది కదలడం తప్పు కాదు, ఆలస్యం. అయినా నేను మండలికి ఉత్తరం రాశాను, ప్రమాణంలో ఒక పన్ను ఊగుతున్నదని. జవాబు వచ్చింది. పన్ను ఊడుటకు అనుమతి కోరుతూ నిర్ణీత నమూనాలో మూడు ప్రతులు సమర్పించవలెను, అనుమతి వచ్చేవరకు పన్ను ఊడరాదు. నేను నమూనా తెచ్చుకునే లోపల ప్రసూన వేరుశనగ పప్పుచెక్క కొరికింది. పన్ను పప్పుచెక్కలో ఉండిపోయింది. పిల్ల దాన్ని కడిగి, చిన్నప్పటి అలవాటు కొద్దీ ఇంటి మీదికి విసిరేసింది.

తనిఖీకి వచ్చిన గజపతి గారు ఖాళీ చూసి నిలువునా చెమటలు కక్కారు.

"ఏదమ్మా పన్ను?"

"ఇంటి మీదుంది సార్."

"ఇంటి మీద ఎందుకుంది?"

"పాలపన్ను గదా సార్. ఇంటి మీద ఎయ్యకపోతే కొత్త పన్ను రాదు."

"ప్రభుత్వ పన్నమ్మా అది!"

నిచ్చెన పక్కింటి వెంగమ్మ దగ్గర తెచ్చాను. గజపతి గారు చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి, పెంకుల మీదికి ఎక్కారు. ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. వీధిలో ఆడవాళ్ళు పనులు ఆపుకుని నిలబడ్డారు. "పైన ఏం పోయిందంట?" అని ఒకామె అడిగితే, "పన్నంట" అంది వెంగమ్మ. "పాపం, ఆయనదా?" అందామె.

గజపతి గారికి ఒకటి కాదు, ఏడు పళ్ళు దొరికాయి. ప్రసూనవి, వెంగమ్మ మనవళ్ళవి, ఎవరివో. ఏది సర్కారుదో తేలలేదు. ఏడూ కవరులో వేసి లక్క ముద్ర కొట్టారు. పది పెంకులు పగిలాయి. దిగివచ్చి అరుగు మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకుని, "ఇంకొక పన్ను ఊడనియ్యబాక తల్లీ, నీకు పుణ్యముంటది" అన్నారు.

వారానికి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ప్రమాణ దంతము ముందస్తు అనుమతి లేకుండా ఏల ఊడినదో తెలుపవలెను. నేను ఒక్క వాక్యం రాసి పంపాను. దానికి వయసొచ్చింది, ఊడింది.

జనవరిలో రెండో శిబిరం. డాక్టర్ పరాంకుశం గారు కవరు తెరిపించి, ఏడు పళ్ళల్లో సరిపోయిన దాన్ని ఎంచి, మైనంతో ప్రసూన చిగురుకు అతికించారు. అది వెంగమ్మ పెద్ద మనవడిదని ప్రసూన ఇప్పటికీ అంటుంది.

ఆరోజు నేను పిల్ల కుర్చీ వెనకాలే నిలబడ్డాను. కాటా దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడినవాడికి ఒకటి తెలుస్తుంది. కొందరు ముల్లు ఆగకముందే తూకం కేకేస్తారు. ఆ బస్తా ఎవరిదో, ఏ ఊరిదో చూస్తారు. ముల్లును చూడరు. ఆరోజు డాక్టర్లలో సగం మంది పాతవాళ్ళే. చొక్కా మీద నంబరు చూడగానే వాళ్ళ కలం కదిలింది. ప్రసూన నోరు ఆ తరవాత తెరిచింది. కొత్తవాళ్ళు పక్కవాళ్ళ కాగితం చూశారు. నాలుగో నంబరు ఎదురుగా ఎక్కువ ఐదులు పడ్డాయి. ఏకాభిప్రాయం డెబ్బై రెండుకు వచ్చిందని స్వీట్లు పంచారు. పిల్లకు మాత్రం ఇవ్వలేదు. మైనం ఊడుతుందని.

షబానా అక్కడ లేదు. బయటికి వస్తే మెట్ల దగ్గర కనబడింది.

"ఏందమ్మా, లోపలికి రాలేదా?"

"నన్ను తీసేశారన్నా. ఒక్కొక్క పిల్లను ఎక్కువసేపు చూస్తన్నానంట. అంకె చెప్పకుండా కారణం చెప్తన్నానంట." ఆమె ప్రసూన గడ్డం పట్టుకుని నోట్లోకి చూసింది. ముఖం మారింది. "ఇదేంది, మైనమా? రేపు కనిగిరి రండి. నేను సొంతంగా చిన్న క్లినిక్ పెట్టుకున్నా. ఇంకొక ఎక్సరే తీయాల."

తీసింది. ముందుపన్ను వేరు మూడో వంతు లేదు. పెన్సిలు చెక్కినట్టుంది.

"ఇంకెన్నాళ్ళమ్మా?" అన్నాను.

"నాళ్ళు లేవన్నా. ఇప్పుడే."

సుబ్బరత్నానికి గొంతులో గడ్డ లేచినప్పుడు పెద్దాసుపత్రిలో స్కానింగుకు చీటీ రాసిచ్చారు. నంబరు వచ్చినప్పుడు పిలుస్తామన్నారు. నేను బుద్ధిగా ఆగాను. నంబరు వచ్చింది. ఆమె పోయిన పదకొండో రోజున వచ్చింది. ఆ చీటీ ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. నేను ఎవరినీ క్షమించలేదు. క్షమించమని అడగడానికి ఎవరూ రాలేదు కూడా.

"కొయ్యమ్మా" అన్నాను.

షబానా మైనం పన్ను తీసేసి, చిగురు కోసి, లోపలి పన్నుకు సన్నటి గొలుసు తగిలించి, పళ్ళన్నిటికీ క్లిప్పులు వేసింది. పిల్ల రెండు రోజులు జావ తాగింది. మూడో రోజు అద్దంలో చూసుకుని, "మన కాటా గొలుసు మాదిరి ఉంది నాయనా" అంది.

ఏప్రిల్‌లో గజపతి గారు తనిఖీకి వచ్చారు. ప్రసూన దాచలేదు. నోరు తెరిచింది. ఆయన చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అరుగు మీద కూలబడ్డారు.

"మాలకొండయ్యా, ఎంత పని చేశావయ్యా!"

"రాసుకోండి సార్."

ఆయన ఫారం తీశారు. దానిమీద రెండే గడులు. మార్పు లేదు అని ఒకటి. పన్ను ఊడినది అని ఒకటి. క్లిప్పులకు గడి లేదు. గజపతి గారు కలం పట్టుకుని ఇంటి పైకప్పు వైపు చూశారు. కొత్త పెంకులు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెయ్యి మోకాలి మీదికి పోయింది.

"ఇంకో పన్నయితే ఊడలేదు గదా?" అని అడిగారు.

"లేదు సార్" అంది ప్రసూన.

మార్పు లేదు అన్న గడిలో టిక్కు పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

జూన్‌లో చివరి శిబిరం. ఈసారి రాజధాని నుంచి ఒక పరిశీలకుడు వస్తున్నాడని, ఎనభై దాటితే పథకం నిలుస్తుందని, దాటకపోతే మండలిని ఎత్తేస్తారని చెప్పారు. బస్సులో నేను ప్రసూనతో, "పోగానే నేనే చెప్పేస్తా. ఏం చేసుకుంటారో చేసుకోనీ" అన్నాను.

"నువ్వేం మాట్టాడబాక నాయనా."

"నోరు తెరిస్తే ఎట్టాగూ తెలిసిపోద్ది గదా."

"నేను తెరవను."

"తెరవమంటే?"

"తెరవమంటే తెరుస్తా. అడిగితే చూపిస్తా. అబద్ధం ఆడను." కిటికీలోంచి బయటికి చూస్తూ, "అడగరు చూడు" అంది.

కుర్చీలు వేశారు. నంబర్లు గుచ్చారు. గంట కొట్టారు. మొదటి డాక్టరు ప్రసూన ముందుకు వచ్చాడు. పిల్ల పెదాలు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. అతను చొక్కా మీద నంబరు చూశాడు. "ఓ, నాలుగా!" అన్నాడు ఆప్యాయంగా. ఐదు వేసి జరిగాడు.

రెండో ఆమె, "ఎంత ఎదిగావే!" అంది. ఐదు. మూడో అతను ఏమీ అనలేదు. ఐదు. నాలుగో అతను టార్చి వెలిగించి, మూసిన పెదాల మీద వేసి, తల ఊపి, ఐదు వేశాడు. ఐదో అతను కొత్తవాడు. వంగి చూసి, కొంచెం తటపటాయించాడు. అతను తలెత్తి ఇటూ అటూ చూసి, ముందువాళ్ళందరూ ఏం ఇబ్బంది లేకుండా వెళ్ళిపోయారు కాబట్టి తానూ ఐదు వేసి వెళ్ళిపోయాడు. పన్నెండు మందీ అయ్యారు. నోరు తెరవమ్మా అన్నవాడు ఒక్కడూ లేడు.

బోర్డు మీద నాలుగో నంబరు ఎదురుగా పన్నెండు ఐదులు వరసగా నిలబడ్డాయి. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. ఒకటో ఫోటో పళ్ళలా ఉన్నాయి.

"నూటికి నూరు!" అన్నాడు పరిశీలకుడు. "వేగం కూడా గమనించాను. నిరుడు ఒక్కో బాలికకు ఆరు నిమిషాలు పట్టింది. ఇవాళ అర నిమిషం పట్టలేదు."

"శిక్షణ ఫలితం" అన్నారు పరాంకుశం గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. "అవసరమనేది ఇన్నాళ్ళూ వ్యక్తుల అభిప్రాయంగా ఉండేది. ఇవాళ్టితో అది శాస్త్రమయింది. ఈ బాలిక దంతములలో ఏ మార్పూ లేదని పన్నెండు మంది నిపుణులు ఏకగ్రీవంగా ధ్రువీకరించారు."

గజపతి గారు కిటికీలోంచి బయట ఏదో వెతుకుతున్నట్టు చూస్తూ నిలబడ్డారు.

ప్రసూనకు శాలువా కప్పారు. పూలగుత్తి ఇచ్చారు. పత్రికకు ఫోటో అన్నారు. పరాంకుశం గారు ఒక పక్క, పరిశీలకుడు ఒక పక్క. పిల్ల అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి తియ్యమ్మా. కొంచెం నవ్వు" అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఆ ఏడాదిలో పిల్లను నవ్వమన్నవాడు అతనొక్కడే. ప్రసూన నావైపు చూసింది. ఆమె చెయ్యి తీసి నవ్వింది.

తీగలన్నీ బయటపడ్డాయి. పరాంకుశం గారు వంగి పిల్ల నోటివైపు చూశారు. తల తిప్పి బోర్డు వైపు చూశారు. మళ్ళీ నోటివైపు చూశారు. చివరికి బోర్డు వైపే ఎక్కువసేపు చూశారు.

"ఫ్లాష్ తగ్గించవయ్యా. పళ్ళు మెరుస్తున్నాయి" అన్నారు.

"ఇంకా ఫ్లాష్ వెయ్యలేదు సార్."

"అయితే వెయ్యకు."

ఆ ఫోటో పత్రికలో రాలేదు. ఫోటోగ్రాఫరు ఒక కాపీ మాకు పంపాడు. సుబ్బరత్నం పటం పక్కన పెట్టాను.

ప్రసూన ఇప్పుడు ఇంటరు రెండో ఏడు. పోయిన నెల షబానా క్లిప్పులు తీసేసింది. కోరపన్ను దిగింది, కొంచెం పొట్టిగా ఉంది. ముందుపన్ను వేరు తరిగినంత తరిగింది, మిగిలింది నిలబడింది. జాగ్రత్తగా వాడుకుంటే మనవళ్ళను చూస్తుందంది షబానా.

నిన్న రిజిస్టరు పోస్టు వచ్చింది. పోస్ట్‌మాన్ ఏమీ అడగలేదు. "రాష్ట్రస్థాయి ఏకాభిప్రాయం సిద్ధించినందున రెండవ దశ ప్రారంభించబడినది. పన్నెండు మంది నిపుణులు అత్యవసరమని నిర్ధారించిన మీ కుమార్తెకు క్లిప్పులు మంజూరు చేయడమైనది. దంతములను యథాతథ స్థితిలో తీసుకొని హాజరు కావలెను."

ట్రంకు పెట్టె తెరిచి సుబ్బరత్నం చీటీ పక్కన దాన్ని పెట్టాను. రెండిటి మీదా ముద్రలు సరిగానే ఉన్నాయి.

"ఏమని రాశారు నాయనా?" అని అరుగు మీదినుంచి అడిగింది ప్రసూన.

"నీకు క్లిప్పులు చాలా అవసరమంట."

"అవునా?" అంది. నోట్లో జామకాయ ఉంది. కత్తిపీట గోడకు ఆనించి ఉంది, ఎవరూ తియ్యలేదు. కొరికిన చప్పుడు లోపలికి వినబడింది.